మన కథలు మనమే ఆడుదాం

ఈ నెల రాసే వంతు నాకు వచ్చింది. పోయిన నెల పొదుపు గురించి, అంతకు ముందు నెల చెట్ల పెంపకం గురించి మనవాళ్ళు చాలా బాగా రాశారు. నేను కథలు, పాటలు, నాటకాల గురించి రాస్తున్నాను. ఇవన్నీ చదువు అయిపోయినంక చేసుకునే కాలక్షేపం అని చాలామంది అనుకుంటారు. కాలక్షేపం కాదు అని నా అభిప్రాయం. ఎందుకు కాదో నాకు తెలిసినంతలో చెబుతాను.

మాది కోయ గూడెం. మాలో కథ చెప్పడానికి వేరే మనుషులు ఉంటారు. వాళ్ళను డోలోళ్ళు అంటారు. వాళ్ళు వాయించే వాద్యం పేరు డోలి. జాతరలప్పుడు, కొలుపులప్పుడు డోలి కొడుతూ మా ఇలవేల్పుల కథలు పాడుతారు. ఆ వేల్పు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఊర్లు దాటింది, ఎవరితో కొట్లాడింది అన్నీ ఆ పాటలో ఉంటాయి. వేల్పుకు పడిగె అని ఒక గుడ్డ ఉంటుంది. దాని మీద బొమ్మలు ఉంటాయి. మనం పుస్తకం చూసి పాఠం చదివినట్టు వాళ్ళు పడిగె చూసి కథ చెబుతారు. అందులో ఒక్క అక్షరం కూడా ఉండదు. అందుకని చెప్పే మనిషి లేకపోతే పడిగె ఉన్నా మనకు ఏమీ తెలియదు. మనిషి ఉన్నాడా, గుర్రం ఉన్నదా, పులి ఉన్నదా అని చూస్తాం, అంతే.

మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలంలోని సకిని రామచంద్రయ్య గారికి 2022లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆయన డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథను కోయ బాసలోనూ తెలుగులోనూ చెప్పగలిగిన పెద్ద మనిషి. ఆయన 2024 జూన్‌లో కాలం చేశారు. అదే సంవత్సరం అక్టోబరులో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయి గ్రామానికి చెందిన కనక రాజు గారు కూడా కాలం చేశారు. ఆయన గోండుల గుస్సాడి నాట్యం ఎంతోమంది యువకులకు నేర్పించారు. ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరి గురించీ మన జి.కె. నోటు పుస్తకంలో రాసుకున్నాం. పరీక్షలో అడిగితే పేరు, సంవత్సరం రాస్తాం. కానీ రామచంద్రయ్య గారు చెప్పిన కథలో నాలుగు మాటలు చెప్పమంటే మన హాస్టల్‌లో ఎంతమంది చెప్పగలరు? నేనైతే కోయ పిల్లనే, నాకు రావు.

ఎందుకు రావు అని చాలా రోజులు ఆలోచించాను. కథలు రాత్రిపూట చెబుతారు. కోతలు అయినంక చెబుతారు. పండుగ ముందు రోజు చెబుతారు. అప్పుడు మనం ఎక్కడ ఉంటాం? ఇక్కడ ఉంటాం. ఆరేళ్ళకో ఏడేళ్ళకో ట్రంకు పెట్టె పట్టుకుని హాస్టల్‌కు వస్తాం. దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలానికి ఇంటికి పోతాం. ఇంటికి పోతే ఇప్పపూలు ఏరడం, తునికాకు కోయడం, తమ్ముళ్ళను చూసుకోవడం. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని వినే రాత్రులు మనకు మిగలలేదు. దీనికి ఎవరి మీదా తప్పు పెట్టడం లేదు. మా నాయిన వేలిముద్ర వేస్తాడు. మా ఇంట్లో మొదట బడికి వచ్చిన దాన్ని నేనే. చదువు వదిలి ఇంటి దగ్గర ఉండి కథలు నేర్చుకో అంటే నేను ఒప్పుకోను. చదువు కావాలంటే కథలు వదిలెయ్ అన్నా ఒప్పుకోను. రెండూ కావాలి. అందుకని కథలే హాస్టల్‌కు రావాలి.

ఇంకో కారణం కూడా ఉంది. సిగ్గు. చిన్నప్పుడు నేను చదివిన ఒక బడిలో మొదటి వారం నాకు దాహం వేసి "ఏరు" కావాలని అడిగాను. మా బాసలో ఏరు అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు కదా. "వాగంతా తాగుతదంట" అని క్లాసంతా నవ్వారు. ఆ రోజు నుంచి బడిలో మా బాస మాట్లాడటం మానేశాను. మన లంబాడి అక్క ఒకామె కూడా ఇట్లనే చెప్పింది. వాళ్ళ గోర్ బోలిలో ఫోను మాట్లాడాలంటే గ్రౌండు చివరకు పోయి మాట్లాడుతుందట. నోట్లో మాటకే సిగ్గు పడేవాళ్ళం ఆ మాటల్లో ఉన్న కథను ఎట్లా బయటకు తీస్తాం?

పోయిన సంక్రాంతి సెలవుల తర్వాత మన దగ్గరికి ఇద్దరు అక్కలు, ఒక అన్న వచ్చి పది రోజులు ఉన్నది మీ అందరికీ తెలుసు. పిల్లలతో కథలు చెప్పించడం, పాటలు రాయించడం, నాటకాలు వేయించడం వాళ్ళ పని. సాయంత్రం ఆటల పీరియడ్‌లో డైనింగ్ హాలులో కూర్చోబెట్టేవారు. నాటకం అంటే వాళ్ళే డైలాగులు రాసి ఇస్తారు, మనం బట్టీ పట్టాలి అనుకున్నాం. వాళ్ళు ఒక్క డైలాగు కూడా ఇవ్వలేదు. ఆదివారం తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చినప్పుడు ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి ఒక కథ అడిగి తెచ్చుకోండి, ఏ బాసలో చెప్తే ఆ బాసలోనే తెండి అన్నారు. అంతే.

మొదట అందరం నవ్వుకున్నాం. "మా ఇంట్లో కథలు ఏమీ లేవు అక్కా" అని దాదాపు అందరం చెప్పాం. తీరా ఆదివారం అయినంక చూస్తే ఇరవై ముగ్గురిలో పంతొమ్మిది మంది కథలు తెచ్చారు. పులి ఎదురైన కథ, పెళ్ళిలో గొడవైన కథ, వరదకు ఊరు ఎత్తేసి గుట్ట ఎక్కిన కథ, తీజ్ పండుగలో గోధుమ మొలకల కథ. ఆరో తరగతి చెల్లి ఒకామె కథ తేలేదు. నాలుగు లైన్లు రాసుకొచ్చింది. ఆమెను అడిగి ఇక్కడ రాస్తున్నాను:

మా అమ్మ నెత్తిన కట్టెల మోపు
నా వీపున పుస్తకాల సంచి
ఇద్దరం ఒక్క దారినే వచ్చాం
వాగు కాడ అమ్మ ఆగిపోయింది

ఆమె చదివినంక కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ వాగు మనందరికీ తెలుసు.

నేను మా నాయనమ్మను అడిగాను. ఆమె వాళ్ళ అత్త కథ చెప్పింది. అంటే నాకు ముత్తవ్వ అవుతుంది. ఆ రోజుల్లో ఉప్పు కోసం సంతకు నడిచిపోయేవాళ్ళట. పోను ఒక రోజు, రాను ఒక రోజు. అడవిలో ఏరిన సారపప్పు మూట కట్టుకుని పోయేది. షావుకారు సారపప్పు తీసుకుని ఉప్పు ఇచ్చేవాడు. మానికకు మానిక. సారపప్పు ఎంత ఖరీదో ఇప్పుడు మనకు తెలుసు. ఉప్పు ఎంతో కూడా తెలుసు. మా నాయనమ్మ ఇది చెప్పి ఊరుకుంది, కోపం కూడా పడలేదు. "అప్పుడు అంతే బిడ్డా" అన్నది.

మేము ఏడుగురం కలిసి దాన్ని నాటకం చేశాం. మెస్సులో స్టీలు గ్లాసు మానిక అయింది. ఇసుక ఉప్పు అయింది. చింతగింజలు సారపప్పు అయినయి. నేను ముత్తవ్వను, మా స్నేహితురాలు షావుకారు. తలపాగా కట్టి మీసం గీసుకుంటే అచ్చం షావుకారులానే ఉంది. పదో రోజు పేరెంట్స్ మీటింగు. పెద్దవాళ్ళందరూ వచ్చి కింద కూర్చున్నారు. నాటకం మొదలైంది. నేను మూట విప్పాను. షావుకారు గ్లాసుతో చింతగింజలు కొలిచి తీసుకుంది, అదే గ్లాసుతో ఇసుక కొలిచి పోసింది.

అప్పుడు వెనకాల నుంచి ఒక తాత లేచాడు. "అట్ల కాదు బిడ్డా, అట్ల కొలిస్తే బాగుపడకపోదుమా" అన్నాడు. అందరూ తిరిగి చూశారు. అన్న వెళ్ళి ఆయనను చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చాడు. తాత మా స్నేహితురాలి చేతిలో గ్లాసు తీసుకున్నాడు. చింతగింజలు పోయించుకుంటూ గ్లాసు మీద రెండో చెయ్యి దడి కట్టినట్టు పెట్టాడు. గింజలు గోపురం లాగా లేచినయి. "తీసుకునేటప్పుడు ఇట్ల." తర్వాత ఇసుక పోసి చేత్తో చదును గీశాడు, బొటనవేలు గ్లాసు లోపలికి పెట్టి పట్టుకున్నాడు. "ఇచ్చేటప్పుడు ఇట్ల." అని బొటనవేలు తీసి చూపించాడు. వేలు ఉన్నంత గుంట పడింది. కింద కూర్చున్న ముసలమ్మలు ఒక్కసారి నవ్వారు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఒకామె "నా ముంతలో సగం కూడా వచ్చేది కాదు" అన్నది. ఇంకొకామె తేనె ఎట్లా కొలిచేవాళ్ళో చెప్పింది. మా నాటకం పది నిమిషాలు అనుకున్నాం. గంట దాటింది.

మా నాయనమ్మ కూడా లేచింది. "మీరు ముసలమ్మ ముసలమ్మ అంటున్నరు, అప్పుడు ఆమె ముసలిది కాదు, నీకంటే మూడేండ్లు పెద్దది, అంతే. ఆమెకు పేరున్నది" అని పేరు చెప్పింది. నా ముత్తవ్వ పేరు నేను అప్పుడే మొదట విన్నాను. రెండోసారి నాటకం వేసినప్పుడు షావుకారు ఆ పేరు పెట్టే పిలిచింది. నాకు ఒళ్ళు జలదరించింది.

ఇట్లా చూసేవాళ్ళు లేచి నాటకంలోకి వచ్చి మార్చే పద్ధతి ఒకటి ఉన్నదని తర్వాత అన్న చెప్పాడు. బ్రెజిల్ దేశానికి చెందిన అగస్టో బోల్ అనే ఆయన దాన్ని పెంచాడు. ఆయన 1931లో పుట్టి 2009లో చనిపోయాడు. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో 1985లో మొదలైన జన సంస్కృతి అనే సంస్థ ఇదే పద్ధతిలో నాటకాలు వేస్తున్నది. ఇంట్లో కష్టం ఒకటి ఆడి చూపించి, "ఇప్పుడు నువ్వైతే ఏం చేస్తావు, వచ్చి చెయ్యి" అని చూసేవాళ్ళనే పిలుస్తారట. మన తాతను ఎవరూ పిలవలేదు. ఆయనే వచ్చాడు. బోల్ గారి పేరు ఆయనకు తెలియదు, షావుకారు బొటనవేలు తెలుసు.

తెలుగు సార్ ఇంకో సంగతి చెప్పారు. 1990 నాటి అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు, వీధి నాటకాలు వేసేవట. నెల్లూరు జిల్లాలో రాత్రి బడికి వచ్చే ఆడవాళ్ళ వాచకంలో సారా గురించి ఒక కథ ఉండేది. ఆ కథ వాళ్ళ ఇండ్లలో జరిగే కథే. దూబగుంట ఊరి ఆడవాళ్ళు దాని గురించి మాట్లాడుకుని, సారా కొట్టు మూయించారు. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో మొత్తం మద్యం నిషేధించారు, 1997లో మళ్ళీ సడలించారు. అంటే కథ ఒక్కటే అన్నీ చేయలేదు. చేసింది ఆడవాళ్ళు. కానీ ఎవరి ఇంట్లో వాళ్ళు ఏడ్చుకునే వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించింది ఆ కథ.

మా నాటకం అయిన మరుసటి వారం సోషల్ పీరియడ్‌లో సార్ గిరిజన సహకార సంస్థ గురించి చెప్పారు. దాన్ని 1956లో పెట్టారు. అడవి సరుకు కొని, గిరిజనులకు కావాల్సిన సరుకులు అమ్మడం దాని పని. అంతకు ముందైతే ఆ లైను గైడులో గీత గీసుకుని బట్టీ పట్టేదాన్ని. ఈసారి ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఎవరూ చెప్పకుండానే తెలిసింది. తాత బొటనవేలు గుర్తుకొచ్చింది. 1/70 చట్టం కూడా అంతే. 1959 నాటి భూమి బదిలీ నిబంధనలను 1970లో సవరించి ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్నారు. ఆ పాఠం చెప్పిన రోజు ముగ్గురం చెయ్యి ఎత్తి, ఇది మా ఊర్లో ఎట్లా జరిగిందో మా పెద్దవాళ్ళను అడుగుతాం సార్ అన్నాం. నాటకాలు ఆడితే మార్కులు తగ్గుతాయి అనే వాళ్ళకు ఇది నా జవాబు.

సినిమా పాటలకు డాన్సు చేయొద్దని నేను అనడం లేదు. నాకూ ఇష్టమే, వార్షికోత్సవంలో రెండో వరసలో చేసింది నేనే. కానీ సినిమా పాటకు డాన్సు చేస్తే మా అమ్మ చూసి సంతోషపడి చప్పట్లు కొడుతుంది, అక్కడికి అయిపోతుంది. ఆమె లేచి "అట్ల కాదు బిడ్డా" అనదు. అనడానికి ఆ పాటలో ఆమెకు తెలిసింది ఏమీ లేదు. బడికి వస్తే మా అమ్మ ఎప్పుడూ గోడకు ఆనుకుని నిలబడుతుంది. కుర్చీ వేసినా కూర్చోదు. ఏం మాట్లాడితే ఏం తప్పో అని భయం. ఆ రోజు మాత్రం మా నాయనమ్మ పక్కన ముందు కూర్చుని, ముత్తవ్వ మూట ఎట్లా కట్టాలో తన కొంగుతో కట్టి చూపించింది. మన బడిలో మా అమ్మ ఒకరికి నేర్పించడం నేను అదే చూశాను.

ఒక్క జాగ్రత్త కూడా చెప్పాలి. అన్ని కథలూ స్టేజీ ఎక్కించేవి కావు. నాయకపోడు స్నేహితురాలిని ఎవరో మీ లక్ష్మీదేవర గుర్రం ముఖం తీసుకురా, ఫ్యాన్సీ డ్రెస్సులో పెట్టుకుందాం అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. అది మాకు దేవర, బొమ్మ కాదు, పెద్దలు పూజ చేయకుండా కదపరు అన్నది. ఆమె అన్నది న్యాయం. మా పడిగె కూడా అంతే. బయట నుంచి అతిథులు వచ్చినప్పుడల్లా మనకు ఈకలు కట్టి, కొమ్ములు పెట్టి ఫోటోలు దిగడం వేరు, మన కథ మనం తెలుసుకుని ఆడటం వేరు. ఏది ఆడొచ్చు, ఏది ఆడకూడదు అనేది ఇంటి పెద్దలను అడగాలి. వాళ్ళు వద్దంటే వద్దు.

ఆ అక్కలు, అన్న పది రోజులు ఉండి వెళ్ళిపోయారు. మళ్ళీ వస్తారో రారో తెలియదు. ఎవరో వచ్చినప్పుడే కథలు చెప్పుకుంటే మనకు పదేళ్ళకు పది రోజులు దొరుకుతాయి. అందుకని వార్డెన్ మేడమ్ గారికి, హెచ్.ఎమ్. గారికి మా తొమ్మిదో తరగతి తరఫున మూడు మనవులు చేస్తున్నాను.

ఒకటి. శనివారం రాత్రి భోజనాలు అయినంక ఒక గంట స్టడీ అవర్ బదులు కథల గంట ఇప్పించాలి. వారానికి ఇద్దరు చెప్పాలి. మొదట సొంత బాసలో, తర్వాత తెలుగులో. ఎవరి బాస విని ఎవరూ నవ్వకూడదు, కథ విని నవ్వొచ్చు.

రెండు. ఒక లాంగ్ నోటు పుస్తకం ఇప్పించాలి. కథ రాసి, ఎవరు చెప్పారు, ఏ గూడెం, ఏ తండా అనేది కూడా రాస్తాం. చెప్పిన వాళ్ళ పేరు తప్పకుండా రాస్తాం. మా ముత్తవ్వ పేరు ఇన్నేళ్ళు ఏ కాగితం మీదా లేదు.

మూడు. నెలకు ఒకసారి ఒక పెద్దమనిషిని పిలిపించాలి. బస్సు చార్జీ, ఆ పూట భోజనం పెడితే చాలు. డోలి వాయించే వాళ్ళైనా, తీజ్ పాటలు పాడే వాళ్ళైనా, ఉప్పు కోసం నడిచిన వాళ్ళైనా సరే.

మా నాయనమ్మకు ఈ మధ్య చెవి సరిగ్గా వినపడటం లేదు. కానీ మాట స్పష్టంగానే ఉంది. ఈ దసరా సెలవులకు వరద కథ చెబుతానన్నది. ఆ రాత్రులు ఇప్పపూలు లేవు, తునికాకు లేదు కాబట్టి నేను పక్కన కూర్చుంటాను.

ఈ వ్యాసం కింద ఒక ఖాళీ కాగితం అతికించాను. పెన్సిల్ దారంతో కట్టి ఉంది. కథ తెచ్చే వాళ్ళు పేరు, తరగతి, ఏ బాసో రాయండి. మేడమ్ గారు ఒప్పుకుంటే వచ్చే శనివారం మొదలుపెడదాం. మొదటి లైనులో నా పేరు రాశాను. రెండో లైను ఖాళీగా ఉంది.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని